అయిదు కాన్పుల మార్గరీతమ్మ

మా చెల్లెలు ఆలెత్‌కి ఎనిమిదో నెల. రెండు ఆదివారాలుగా గుడికి రావడం లేదు. అత్తవారింటి కింద కాలవగట్టున కూచుని కక్కుకుంటోందని చేపలమ్మే మనిషి నా చెవిన వేసింది. నేను గంపలో రొట్టె పెట్టుకుని బయల్దేరుతుంటే మా ఆయన వౌటర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "కాన్పు మొగుడింట్లో జరగాలి హిల్లె. పిల్లని పుట్టింటికి తెచ్చావా, ఉట్రెక్ట్ ఊరంతా మన మొహాన ఉమ్మేస్తుంది" అన్నాడు. "ఉమ్మితే తుడుచుకుందాంలే" అని ఆయన చెయ్యి తోసేసి వచ్చేశాను. పోయినవారం కథ అక్కడ ఆగింది. ఇక నాతో నడవండి. ముక్కు మాత్రం మూసుకోండి.

ఊరికే అనడం లేదు. మా చెల్లెలి అత్తవారు కొవ్వొత్తులు పోస్తారు. తేనెమైనంతో కాదు, గొర్రె కొవ్వుతో. తేనెమైనపు ఒత్తులు గుళ్ళకీ గొప్పవాళ్ళకీ. మాబోటివాళ్ళ ఇళ్ళలో వెలిగేది ఈ కంపే. పాత కాలవ పక్కన, నీళ్ళ ఎత్తుకి ఉన్న నేలమాళిగలో పొద్దస్తమానం బానలో కొవ్వు కాగుతూ ఉంటుంది. ఆ వాసన మెట్లెక్కి ఇంట్లోకొస్తుంది. గోడలకి పడుతుంది, దుప్పట్లకి పడుతుంది, రొట్టె కొరికితే రొట్టెలోనూ ఉంటుంది. ఆలెత్ ఎవర్ట్‌ని చేసుకుంటానన్నప్పుడు, "ఆ కంపు మనిషినా?" అన్నాను. "అలవాటైపోతుందిలే అక్కా" అని నవ్వింది.

ఎవర్ట్ చెడ్డవాడేం కాదు. మొదటి పెళ్ళాం యుట్టె కాన్పులో పోయాక ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు యుట్టె బాగా తెలుసు. ఆ ఇంట్లో నాకున్న ఒక్క స్నేహితురాలు అదే. ఎవర్ట్‌తో వచ్చిన చిక్కల్లా తల్లి చెప్పినదానికి తలూపడం తప్ప ఇంకోటి తెలియదు. ఆవేళ కొవ్వు కొనడానికి అమర్స్‌ఫోర్ట్ వెళ్ళాడట. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే ఉన్నారు.

తలుపు తీసే ఉంది. వంటింట్లో ఎవర్ట్ తల్లి వెండెల్ నాకు వీపు పెట్టి కూచుంది. ఈ వెండెల్‌ని గుళ్ళో చూడాలి మీరు. మడత నలగని తెల్లటి తలగుడ్డ, ఎర్రటి బుగ్గలు, ముందు వరసలో మోకాళ్ళ మీద, కళ్ళు సగం మూసుకుని. ఇప్పుడా మనిషి కత్తి మొనతో, ముల్లంగి చెక్కు తీసినంత ఓపికగా, దేన్నో గీకుతోంది. ముందు చెంబులో గోరువెచ్చటి బీరు. పొడి అందులోకి రాలుతోంది.

"ఏం చేస్తున్నావత్తా?"

ఉలిక్కిపడనైనా లేదు. "వచ్చావా హిల్లె! కూచో. మీ చెల్లికి మందు కలుపుతున్నా."

చేతిలో ఉన్నది పునీత మార్గరీతమ్మ బొమ్మ. జానెడు కూడా ఉండదు. ఘటసర్పం మింగేస్తే దాని కడుపు చీల్చుకుని, ఒంటికి గీటు తగలకుండా బయటికొచ్చిన తల్లి కాబట్టి కాన్పులకి ఆవిడే దిక్కు. నొప్పులు పడేవాళ్ళ పిడికిట్లో ఆవిడని పెడతారు. మా ఇంటి పనే అది. నేనూ వౌటరూ తెల్లమట్టిని ముందూ వెనకా రెండచ్చుల్లో ఒత్తి, అతికించి, కాల్చి, మార్గరీతమ్మల్నీ బార్బరమ్మల్నీ బాలయేసుల్నీ ఊరికి పంచుతాం. నేను ఒత్తిన బొమ్మని నేను పోల్చలేనా? కానీ పోల్చడానికి అక్కడేం మిగిలింది? పాదాలు లేవు. సర్పం తల లేదు. మోకాళ్ళ దాకా గీకేసింది.

బొమ్మని గీకి తాగించడం మా ఊళ్ళో వింతేం కాదు. జ్వరమొస్తే చిటికెడు, గొంతు పట్టేస్తే చిటికెడు. కొత్త బొమ్మ తెచ్చి వీపున కాస్త గీకుతారు. శుభ్రమైన తెల్లమట్టి, కడుపులోకి వెళ్ళి బయటికొస్తుంది. ఆ బీరులో పడుతున్నది తెల్లగా లేదు. తుప్పు రంగులో ఉంది.

"ఇది పాత బొమ్మ కదా?"

"పాతది కాక? అయిదు కాన్పులు చూసిన తల్లి!" అంటూ బొమ్మని ముద్దు పెట్టుకుంది. "మీరమ్మే కొత్త బొమ్మల్లో ఏముంది, ఉత్త మట్టి. ఇందులో బలముంది. కావాలంటే చూడు."

చూశాను. చూడకుండా ఉండాల్సింది. అంగీ మడతల్లో, జుట్టు పాయల్లో, మెడ కింద, నల్లగా అట్టలు కట్టి ఉంది. అది మురికి కాదు. మా ఊరి ఆడవాళ్ళకి ఇదొక పిచ్చి. మార్గరీతమ్మ ఎన్ని మంచాలు చూస్తే అంత బలమట. ఒక మంచం నించి ఇంకో మంచానికి పోతూ ఉండాలట. మధ్యలో కడగకూడదట, కడిగితే బలం కొట్టుకుపోతుందట. కడగండే తల్లుల్లారా, పునీతురాలికి మాత్రం ఒళ్ళు శుభ్రంగా ఉండొద్దా అని నేను మొత్తుకుంటూనే ఉంటాను. బొమ్మలు అమ్ముకునేదాని మాట ఎవరికి పడుతుంది? ఆ అట్టలన్నీ నెత్తురు. ఎవరెవరో అయిదుగురు ఆడవాళ్ళ నెత్తురు. దాన్నే ఈవిడ కత్తితో గీకి నా చెల్లెలి బీరులో కలుపుతోంది.

"ఛీ! నీకు మతుందా అత్తా?"

"నోరు అదుపులో పెట్టుకో. ఎవరిని ఛీ అంటున్నావు, నన్నా, ఆ తల్లినా?" అంటూ కత్తి అంచుని నాలుకతో శుభ్రంగా నాకి, పావడాకి తుడిచింది.

అప్పుడు ఆలెత్ వచ్చింది, గోడ పట్టుకుని. మూడు వారాల కిందట గుళ్ళో చూసిన పిల్లేనా ఇది? పొట్ట ఒక్కటే ముందుకి ఉంది, మిగతా మనిషి పీక్కుపోయింది. కళ్ళ కింద పసుపు. పెదాల చివర పుండ్లు.

"అక్కా" అంది. ఆ ఒక్క మాటకే ఆయాసపడింది.

"రామ్మా, కూచో. ముందిది తాగేసెయ్" అని వెండెల్ చెంబు దాని నోటికి పెట్టింది. నేను అడ్డం వెళ్ళేలోపు ఆలెత్ కళ్ళు గట్టిగా మూసుకుని రెండు గుక్కలు మింగేసింది. రోజూ మింగే పిల్ల మింగినట్టు, ఎదురు చెప్పకుండా. మింగిందో లేదో ముందుకి వంగింది. వెండెల్ సిద్ధంగా ఉంది. మట్టిమూకుడు గడ్డం కింద పెట్టింది. ఆలెత్ తాగినదంతా అందులోకి కక్కేసింది.

ఆ తర్వాత వెండెల్ చేసిన పని చెప్పాలంటే నాకిప్పటికీ నాలుక మీద వాంతి రుచి తగులుతుంది. ఒక పాతగుడ్డ తీసి చెంబు మీద పరిచి, మూకుడులోది దాని మీద వంచి వడగట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే!"

"పునీతురాలు ఉన్నదాన్ని కాలవలో పారబోస్తామా? పాపం కాదూ? నిమ్మళించాక మళ్ళీ తాగుతుంది. రోజూ ఇంతే. రెండోసారి నిలబడుతుంది."

"రోజూనా?" ఆలెత్ వైపు తిరిగాను. అది నేలకేసి చూస్తోంది. సిగ్గుపడుతోంది. చేసినదానికి సిగ్గులేదు, చేయించుకున్నదానికి సిగ్గు!

చెంబు లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. కింద కాలవలో బుడుంగుమంది. వెండెల్ మొహం కందగడ్డయింది.

"నీ చేతులు పడిపోనూ! మొహం మండినదానా, మార్గరీతమ్మని కాలవలో పోస్తావా?"

"మార్గరీతమ్మని కాదు, నీ పాచిని పోశాను. ఆలెత్, పైకి వెళ్ళు. బట్టలు మూట కట్టుకో. మా ఇంటికి పోదాం."

"అక్కా, ఆయన లేరు... అడక్కుండా..."

"ఆయనొచ్చి అడిగితే నేను చెప్తాను. నీ బిడ్డ మా ఇంట్లో పుడుతుంది, తెల్లటి దుప్పటి మీద. రవ్వంత కొవ్వు వాసన కూడా ఉండదక్కడ. వెళ్ళు తల్లీ."

ఆ పిల్ల అత్త మొహం వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత మెట్లెక్కడం మొదలుపెట్టింది, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ. అదృష్టం, వస్తోంది అనుకున్నాను.

"దాటనిస్తాననుకున్నావా గుమ్మం?" అంది వెండెల్ నెమ్మదిగా. "నా మనవడు నీ బురద కొట్టంలో పుడతాడా? మొదటిది చేతకానిది, చచ్చింది. ఇదన్నా సరిగ్గా కంటుందని, నా చేతులు నొప్పి పుట్టేలా గీకి గీకి బలం పోస్తున్నా. మీ అమ్మ ఉంటే ఇంత చేసేదా?"

"మా అమ్మ ఉంటే నిన్ను ఈ మూకుడుతోనే కొట్టేది."

బల్ల మీద బొమ్మ ఉంది. దాన్ని కూడా కాలవలో పారేద్దామని తీసుకున్నాను. వెండెల్ సర్రున చెయ్యి చాపింది. వెనక్కి జరిగాను. చేతిలో బొమ్మ జిగటగా ఉంది, వేళ్ళకి అంటుకుంటోంది. వీపువైపు తిప్పాను. నడుము కింద, సర్పం తోక చుట్టుకున్న చోట, ఒక గుంట ఉంది.

నా గుంట అది.

చిన్నప్పుడు కుడిచేతి బొటనవేలి గోరు తలుపులో పడి రెండుగా చీలింది. అప్పటినించి అలాగే పెరుగుతోంది, మధ్యలో గీతతో. ఒకసారి అచ్చులోంచి తీస్తుంటే ఒక మార్గరీతమ్మ తోక ఊడింది. పచ్చిమట్టి పెట్టి బొటనవేలితో నొక్కి అతికించాను. ముద్ర పడిపోయింది. అమ్మడానికి పనికిరాదని యుట్టెకి ఇచ్చాను. "నీ గోరున్న అమ్మవారు నాకే ఉందిలే" అని యుట్టె తెగ సంబరపడిపోయింది. తర్వాత ఇరుగుపొరుగు కాన్పులకి అడిగితే తీసుకెళ్ళి ఇచ్చేది. అయిదుగురు బతికి బట్టకట్టారు. ఆరో కాన్పు దానిదే.

రెండేళ్ళ కిందట చలికాలంలో యుట్టె చచ్చిన బిడ్డని కని, ఈ బొమ్మని పిడికిట్లో పట్టుకునే పోయింది. నేనక్కడే ఉన్నాను. మంత్రసాని దాని ముక్కు దగ్గర ఈక పెట్టింది, ఈక కదల్లేదు. పాదిరిగారు అంతకుముందే కడసారి చమురు పూసి వెళ్ళారు. మా ఊళ్ళో దీనికొక కట్టుబాటుంది. చేతిలో మార్గరీతమ్మ ఉండగా తల్లి పోతే, ఆ మార్గరీతమ్మ ఆ తల్లితోనే మట్టిలోకి వెళ్ళాలి. ఇంకో మంచానికి వెళ్ళకూడదు. పసిపిల్లనడిగినా చెప్తుంది. అందుకే నేను ఆ పిడికిలి విప్పలేదు, ఎవరినీ విప్పనివ్వలేదు. ఆ రాత్రీ మర్నాడంతా బాన కింద పొయ్యి ఆర్పేసి శవాన్ని నేలమాళిగలో చల్లగా ఉంచారు. సాయంత్రం ముసుగుగుడ్డ చుట్టి కుడుతుంటే, ఛాతీ దాకా వచ్చేసరికి వెండెల్ నా చేతిలోంచి సూది తీసుకుంది. "ఏడ్చి ఏడ్చి కళ్ళు కనపడటం లేదు నీకు. మిగతా కుట్లు నేను వేస్తాను, ఇంటికి పోవే" అంది. ఎంత మంచి అత్తో అనుకుంటూ ఇంటికి పోయాను.

"ఇది యుట్టె బొమ్మ" అన్నాను.

వెండెల్ మళ్ళీ బొమ్మ కోసం చెయ్యి చాపింది.

"ఇది యుట్టెతో మట్టిలో ఉండాలి. నీ దగ్గరికెలా వచ్చింది?"

"మీ ఇంట్లో ఒకలాంటివి వంద చేస్తారు. యుట్టెదో, ఎవత్తిదో!"

"నా గోరు ఉంది దీని మీద. ఇదిగో." బొటనవేలు ఆ గుంటలో పెట్టాను. సరిగ్గా కూచుంది.

వెండెల్ ఆ వేలు వైపు చూసింది. కాదనడం మానేసి, అదేదో తనకి నేనే బాకీ ఉన్నట్టు గయ్యిమంది. "అవును, తీశాను. అయితే ఏం? అయిదుగురిని ఒడ్డున పడేసిన తల్లిని తీసుకెళ్ళి పురుగులకి పెట్టమంటావా? తప్పు ఆ తల్లిదా? ఆ యుట్టెదే. పసిపిల్ల పిడికిలంత బలం లేదు దానికి. దానితోపాటు అంత మహిమ మట్టిలో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకోనా?"

"శవం చేతిలోంచి లాక్కుని, అది తీసుకొచ్చి నా చెల్లెలి చేత తాగిస్తున్నావు."

"నీ చెల్లెలి మంచికే!"

"థూ!" అన్నాను. నిజంగానే ఉమ్మాను, ఆవిడ కాళ్ళ దగ్గర. "పిశాచాలు నయం నీకన్నా. ఒక రాత్రీ ఒక పగలూ చలిలో ఉన్న శవం. వేళ్ళు కర్రలయిపోయి ఉంటాయి. వాటిని విరిచావా? ఒక్కొక్కటీ విరిచావా, చెప్పు!"

"విరవలేదు."

"ఎలా వచ్చింది మరి?"

"విరవాల్సిన పని లేకపోయింది." వెండెల్ బల్ల మీది తడిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. "మెత్తగానే ఉన్నాయి."

నాకు అర్థం కాలేదు. కాసేపు నిజంగా అర్థం కాలేదు. మా ఇంట్లో నలుగురిని సాగనంపాను నేను. స్నానం పోశాను, చేతులు సర్దాను. చలిలో అంతసేపు ఉన్నవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో నాకెవరూ చెప్పక్కర్లేదు.

"మెత్తగా ఉండటం ఏమిటత్తా?"

"ఏమో! నాకేం తెలుసు? మెత్తగా ఉన్నాయి, అంతే. లాగాను, రాలేదు." తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. "మళ్ళీ లాగితే పట్టుకుంది."

"ఏం పట్టుకుంది?"

"బొమ్మని. గట్టిగా పట్టుకుంది. నేను ఒక్కో వేలూ ఎత్తుతుంటే మళ్ళీ మూస్తోంది. మొండిఘటం, బతికినన్నాళ్ళూ అంతే అది, ఒక్క మాట వినేది కాదు."

"అత్తా..."

"అలాగే అంది అది కూడా. అత్తా అంది."

కింద బానలో కొవ్వు కుతకుతమంటోంది. నా చేతిలో బొమ్మ ఉందన్న సంగతే మర్చిపోయాను.

"దయ్యం అది" అంది వెండెల్. ఆవిడ గొంతు మళ్ళీ పెద్దదయింది. "ఏమిటలా చూస్తావు? మంత్రసాని ఈక పెట్టింది, కదల్లేదు. పాదిరిగారు చమురు పూశారు. గుళ్ళో చావుగంట కూడా కొట్టేశారు దానికి! గంట కొట్టాక నోట్లోంచి మాటొస్తే అది దయ్యం కాక యుట్టె అవుతుందా? దయ్యం చేతుల్లో మార్గరీతమ్మని వదిలెయ్యమంటావా? అందుకే తీసుకున్నా. చిన్నవేలు దాకా విప్పి తీసుకున్నా."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది?"

"ఎవరినీ పిలవలేదా? ఎవర్ట్‌ని పిలవలేదా? నేను వీధి చివరిదాకా కూడా వెళ్ళి ఉండను. కేకేస్తే వచ్చేదాన్ని!"

"పిలిచి ఏమని చెప్పను? నీ పెళ్ళాంలో దయ్యం దూరిందని చెప్పనా, వాడు గుండాగి చావడానికి?" గుడ్డని పిండి, చక్కగా మడిచి, బల్ల అంచున పెట్టింది. "సూదిలో దారం ఎక్కించే ఉంది. కుట్టేశాను."

కక్కేశాను. ఆవిడ తుడుచుకున్న బల్ల మీదే, చేతులు రెండూ ఆనించి. పొద్దున తిన్నదంతా వచ్చేసింది. తలెత్తితే ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది, అసహ్యంగా మొహం పెట్టి. నా వాంతిని చూసి అసహ్యించుకుంటోంది!

వెనక దబ్బున చప్పుడైంది. మెట్ల మీదినించి మూట దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. పైమెట్టు మీద ఆలెత్ నిలబడి ఉంది, ఎప్పటినించో. రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. మొహంలో రంగు లేదు. పావడా అంచు నించి నీళ్ళు కారి మెట్టు మెట్టుకీ జారుతున్నాయి.

"అక్కా, నన్ను తీసుకుపో" అంది. "మొదలైంది. ఇక్కడ వద్దక్కా. ఇక్కడ నన్ను ముట్టుకోనివ్వకు."

బొమ్మని గంపలో పడేసి పరిగెత్తాను. చంకల కింద చేతులేసి పట్టుకున్నాను. మెట్టు తర్వాత మెట్టు దింపుకొస్తున్నాను. "అయిపోయింది తల్లీ, వచ్చేశాం, నాలుగిళ్ళ అవతల పాలమ్మే పిల్ల ఉంది, దానికి బండి ఉంది" అని నోటికొచ్చింది చెప్తున్నాను. దాని గోళ్ళు నా మెడలో దిగుతున్నాయి. కాన్పు మొదలైతే మా ఊళ్ళో ఎంత పేద ఇంట్లోనైనా తాళాలన్నీ తీసేస్తారు. పెట్టెల మూతలు ఎత్తేస్తారు, జడలు విప్పేస్తారు, వీధి తలుపు బార్లా తెరిచి పెడతారు. ఇంట్లో ఏది బిగిసి ఉన్నా బిడ్డ దారికి అడ్డమని.

వెండెల్ చేతులు పావడాకి తుడుచుకుంది. మాకంటే ముందు నడవలోకి వెళ్ళింది. వీధి తలుపు మూసి, అడ్డగడియ వేసి, తాళం తిప్పి, తాళంచెవి రవికలో దోపుకుంది.